నాలుక కింద గుండీ

"పళ్ళు బిగబట్టేసింది! చెంచా తెండే ఎవరన్నా!"

"ఇక్కడ చెంచా ఎక్కడిదే? కాలరక్కా, నువ్వు వేళ్ళు పెట్టు, త్వరగా!"

పొట్టిపిల్ల మిషన్ మీదికి ఒరిగిపోయి ఉంది. కుడుతున్న చొక్కా చెయ్యి ఇంకా సూది కిందే ఉంది. కాలు పెడల్ మీద బిగుసుకుపోవడంతో మిషన్ ఆగడం లేదు. గుడ్డ అయిపోయినా సూది ఖాళీగా పొడుస్తూనే ఉంది. పక్క మిషన్ మీద కుట్టే మైకు ఒక్క గెంతులో వచ్చి స్విచ్ కట్టేసింది. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ గొంతు విన్నాక అది ఎవరికీ గుర్తుండదు.

కాలరక్క పొట్టిపిల్ల దవడలు నొక్కి నోట్లో వేళ్ళు పెట్టింది. ఆ లైన్లో అందరికంటే పెద్దది ఆమే. చేరిన రోజు నుంచీ కాలర్లే కుడుతోంది. పిల్ల నాలుక కింద ఏదో గట్టిగా తగిలింది. ఊడిన పన్నేమో అనుకుని బయటికి లాగింది.

పన్ను కాదు. తెల్లటి చొక్కా గుండీ.

చప్పున పిడికిలి మూసేసింది. తలెత్తేసరికి మైకు ఆ పిడికిలినే చూస్తోంది.

"ఏమైంది? లైను ఎందుకాగింది?" అంటూ సూపర్‌వైజర్ మిషన్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"పిల్ల పడిపోయింది సారూ. ఒళ్ళు కాలిపోతోంది," అంది కాలరక్క.

ఆ సారు ఆమె కన్నకొడుకు. ఇంట్లో ఒరేయ్, ఇక్కడ సారూ. గేటు దాటగానే పిలుపు మారిపోతుంది. లైన్లో ఆడవాళ్ళకు అదొక పాత జోకు. "ఇంట్లో కూడా మీ అబ్బాయికి నమస్కారం పెట్టే అన్నం వడ్డిస్తావా కాలరక్కా?" అని ఆటపట్టిస్తారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పిల్లను లేపి పట్టుకున్నారు. అప్పుడు కనిపించింది, ఆమె కూర్చున్న స్టూలు తడిసి ఉంది. ఎవరూ చెప్పకుండానే ఐదారుగురు ఆడవాళ్ళు జరిగి స్టూలుకు అడ్డంగా నిలబడ్డారు. తాము చూసింది మగవాళ్ళు చూడకూడదు, అంతే.

"నీళ్ళ సీసా ఒలికింది సారూ," అంది కాలరక్క.

సూపర్‌వైజర్ స్టూలు వంక చూసి చూపు తిప్పేసుకున్నాడు. ఆ హాల్లో ఏ మిషన్ పక్కనా నీళ్ళ సీసా ఉండదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

*

ఎందుకు ఉండదో చెప్పాలంటే ముందు ఆ హాలు చూడాలి.

కింది అంతస్తంతా కుట్టు మిషన్లు, వాటి ముందు ఆడవాళ్ళు. పై అంతస్తులో కటింగ్ బల్లలు, వాటి ముందు మగవాళ్ళు. కింద ఆడవాళ్ళకు ఒకప్పుడు రెండు పాత పాయిఖానాలు ఉండేవి. వాటిని పడగొట్టి, అక్కడే తళతళలాడే పలకలతో కొత్త గదులు కట్టారు. గోడకు అద్దం, అద్దం కింద సబ్బు, కుండీలో మొక్క. 'ఆడవారి ఆరోగ్యమే మా గౌరవం' అని పైన పెద్ద బోర్డు. సరుకు కొనే పరదేశపు కంపెనీల మనుషులు చూడటానికి వచ్చినప్పుడు ఆ తలుపు తెరుచుకుంటుంది. వాళ్ళు ఫొటోలు తీసుకుని కారెక్కగానే తాళం పడుతుంది. మరకలు పడకూడదట, పగుళ్ళు రాకూడదట. ఆడవాళ్ళ కోసం కట్టిన గదులకు ఆడవాళ్ళే చెరుపు అన్నట్టు.

అవసరం వచ్చిన ఆడమనిషి మెట్లెక్కి, కటింగ్ హాలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, మగవాళ్ళ పాయిఖానాకే వెళ్ళాలి. ఆమె గుమ్మంలో కనబడగానే ఒకడు చేతిలో కత్తెరను టక్కుమనిపిస్తాడు. పక్కవాడు అందుకుంటాడు. ఆమె అడుగు పడినప్పుడల్లా టక్, టక్, టక్. వేగంగా నడిస్తే వాళ్ళూ వేగంగా, ఆగితే వాళ్ళూ ఆగుతారు. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాక కూడా బయట ఆ చప్పుడు ఎదురుచూస్తూ ఉంటుంది. సరదాకి, అంటారు. ఎవరూ చెయ్యి వేయరు, ఎవరూ కూత కూయరు. ఏమని ఫిర్యాదు చేస్తారు?

అందుకని ఆడవాళ్ళు నీళ్ళు మానేశారు. నోరు ఎండితే గుండీ. చప్పరిస్తూ ఉంటే నోట్లో తడి ఊరుతుంది, దాహం తెలియదు. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే కాలరక్క పక్కన కూర్చోబెట్టుకుని, అరచేతిలో గుండీ పెట్టి చెప్పేది: "నాలుక కింద పెట్టుకో తల్లీ. సాయంత్రం దాకా లేవక్కర్లేదు. పరువుగా ఉంటావు."

తల్లి పిల్లకు అన్నం ముద్ద పెట్టినంత ప్రేమగా పెట్టేది. పొట్టిపిల్లకూ అలాగే పెట్టింది.

*

ఆసుపత్రి వరండాలో పొట్టిపిల్ల అన్న అటూ ఇటూ తిరుగుతున్నాడు. అతను అదే ఫ్యాక్టరీలో పైన కత్తెర పడతాడు. మైకు గోడకానుకుని గోళ్ళు కొరుక్కుంటోంది. కాలరక్క బెంచీ అంచున, ఎవరో లేవమంటారేమో అన్నట్టు కూర్చుంది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. "ఈ అమ్మాయి తాలూకు ఎవరు?"

"నేనేనండీ, అన్నని."

"మీ చెల్లెలు నీళ్ళు తాగదా?"

అతను తెల్లబోయాడు. "తాగుతుందండీ. ఇంటికి రాగానే చెంబెత్తి గడగడా తాగుతుంది."

"ఇంటికొచ్చాక కాదు, పగలు? మూత్రం బిగబట్టుకుని బిగబట్టుకుని చీము పట్టింది. అది కిడ్నీలకు ఎక్కింది. ఒకటి పాడైపోయినట్టే. రెండోది నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. ఎందుకిలా చేస్తోంది?"

అన్న కాలరక్క వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు పక్కనే ఉంటావు కదా. ఎందుకు తాగదు?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. అతనికి తెలియదు. రోజూ చేతిలో ఆ కత్తెర పట్టుకునే మనిషికి తెలియదు. కాలరక్క నోరు తెరిచింది. చెప్పాల్సింది చిన్న మాటే. పసిపిల్లలు వీధిలో నిలబడి అరిచే మాట. ఆ మాటను మగవాడి ముందు ఆమె తన జన్మలో పలకలేదు. మెడ నుంచి చెవుల దాకా వేడెక్కింది.

"అంటే... అవతలికి వెళ్ళడానికి... కుదరదు బాబూ," అని మాత్రం అనగలిగింది.

"అవతలికంటే?"

మైకు ఏదో అనబోయింది. ఈలోగా డాక్టరమ్మ ఎక్స్‌రే కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. "ఇంకొకటి. పొట్టలో ఇదేమిటో చూడండి."

నల్లటి కాగితంలో గుండ్రటి నీడ. మధ్యలో నాలుగు చుక్కలు.

"గుండీలా ఉంది," అన్నాడు అన్న అయోమయంగా. "గుండీ ఎందుకు మింగింది?"

కాలరక్క పిడికిలి పొద్దుటి నుంచీ తెరుచుకోలేదు. అందులో రెండోది ఉంది. తల కొట్టేసినట్టయింది. లేచి వరండా చివరికి నడిచి, గోడ వైపు తిరిగి నిలబడింది.

వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "మీ ఫ్యాక్టరీ నుంచే ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. నేను ప్రభుత్వ తనిఖీ అధికారికి ఫోన్ చేస్తున్నాను. ఎవరు అడ్డుపడతారో పడనీ."

*

మర్నాడు పొద్దున్నే మిషన్లు మొదలవకముందే యజమాని గొంతు స్పీకర్లో మోగింది. ఆయన కింది హాలుకు రావడమే అరుదు.

"మన అమ్మాయి ఒకరు గుండీ మింగి ఆసుపత్రి పాలయింది. చాలా బాధగా ఉంది. కంపెనీ సరుకు దొంగతనంగా తీసి పిల్లల నోళ్ళలో పెడుతున్న మనిషి ఎవరో మీలోనే ఉంది. రేపు తనిఖీ అధికారి వస్తున్నారు. ఆయన ముందు ఆ మనిషి పేరు చెప్పండి. చెప్పకపోతే లైను మూసేయడం తప్ప నాకు వేరే దారి లేదు."

ఎంత చక్కగా తిప్పాడో చూడండి. రోగం మూత్రానిది, నేరం గుండీది. తాళం ఊసే లేదు.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే ఆడవాళ్ళంతా సైకిల్ షెడ్డులో చేరారు. డబ్బాలు విప్పిన వాళ్ళు లేరు.

"ఎవరో ఒకరి పేరు చెప్పేస్తే పోలా? లైను మూసేస్తే నా పిల్లలు ఏం తింటారు?" అంది గుండీలు కుట్టే ఆమె.

"ఎవరి పేరు చెప్తావు? చెప్పు చూద్దాం," అంది మైకు.

అందరి చూపులూ సైకిళ్ళ మీద, రేకుల మీద, చెప్పుల మీద తిరిగాయి. ఒక్క కాలరక్క మొహం మీద తప్ప. వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ అనడం లేదు. తిట్టినా బాగుండేది. ఆ మర్యాద కాలరక్కను నిలువునా కోసేసింది.

"అందరూ ఒకసారి నోళ్ళు తెరవండే," అంది మైకు ఉన్నట్టుండి.

"ఏం, పళ్ళ డాక్టరువా?"

"తెరవండంటే!"

మైకే ముందు అరచేతిలోకి ఉమ్మింది. నీలం గుండీ. పక్కామె మొహం తిప్పుకుని ఉమ్మింది. ఆ పక్కామె, ఆ వెనకామె. నవ్వాలో ఏడవాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నవి, పెద్దవి, చొక్కావి, కోటువి.

"చొక్కాల కంటే మన నోళ్ళకే ఎక్కువ కుట్టామే," అని ఎవరో అన్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

"దొంగ ఎవరంటాడా ఆయన? మనమంతా దొంగలమే," అంది మైకు. "ఇప్పుడు అసలు సంగతి మాట్లాడదాం. ఆ గదికి తాళం ఎందుకు?"

"మెల్లగా మాట్లాడవే, మగవాళ్ళు వస్తున్నారు."

పై అంతస్తు వాళ్ళు షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ముందు పొట్టిపిల్ల అన్న. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా చెల్లికి గుండీ ఎవరిచ్చారు?"

"ఎందుకిచ్చారో అడుగు ముందు," అంది మైకు. "మెట్లెక్కి మీ హాలు దాటాలంటే భయం. అందుకు. మీ కత్తెర్ల చప్పుడు వినలేక."

"అది... కుర్రాళ్ళు సరదాకి..."

"సరదా ఆసుపత్రిలో పడుంది. వెళ్ళి చూసిరా."

అతను తడబడ్డాడు. "మా చెల్లి వచ్చినప్పుడు నేను కొట్టలేదు. ఒట్టు."

"మిగతావాళ్ళు కొడితే?"

అతను తలవంచుకున్నాడు. అతని వెనక నిలబడ్డ ఒక ముసలి కటింగ్ మనిషి గొణిగాడు: "నా కూతురు వేరే ఫ్యాక్టరీలో చేస్తోంది. అక్కడ పైన ఎవరుంటారో."

కాలరక్క ఇక ఉండలేకపోయింది. "నేను..." అంది. గంట మోగింది. మాట అక్కడే ఆగిపోయింది. ఆగిపోయినందుకు ఆమెకు లోపల్లోపల ఊపిరి తేలికైంది. అలా తేలికైనందుకు మళ్ళీ సిగ్గేసింది.

*

సాయంత్రం ఇంట్లో కొడుకు చొక్కా కూడా మార్చుకోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట. రేపు ఆ అధికారి అడిగితే గుండీలు మైకు ఇచ్చిందని చెప్పు."

"మైకా?"

"అందరిలో పెద్దదానివి, నీ మాట నమ్ముతారు. అదెలాగూ రోజూ గొడవే. యజమాని దాన్ని ఎప్పుడో తీసేయాలని చూస్తున్నాడు. పోలీసులకు అప్పగిస్తాడు, మనకు తలనొప్పి వదులుతుంది."

కాలరక్క చేతిలో పళ్ళెం కింద పెట్టింది. "ఇచ్చింది నేను."

"నువ్వా?"

"నేనే. అందరికీ నేనే."

"అయ్యో అమ్మా! ఈ మాట బయటెక్కడా అనలేదు కదా?" అతను గోడకు చేరబడ్డాడు. "మరీ మంచిది. మైకని చెప్తే నువ్వూ బయటపడతావు, నేనూ బయటపడతాను."

"నువ్వెందుకురా పడటం? నువ్వేం చేశావు?"

అతను జేబు తడుముకున్నాడు. ఆ జేబులో ఏముందో ఆమెకు అప్పుడు అర్థమైంది. వాడు తాళం వేయడం చూసేది గానీ, వేశాక చెవి యజమానికి ఇచ్చేస్తాడనుకునేది.

"తాళంచెవి ఎప్పుడూ నీ దగ్గరే ఉంటుందా?"

"యజమాని ఇచ్చాడు. నీకు తప్ప ఎవరికీ ఇవ్వను, నువ్వయితే ఖచ్చితంగా ఉంటావన్నాడు. ఎవరడిగినా తియ్యొద్దు, ఒక్కసారి తీస్తే రోజూ అడుగుతారన్నాడు."

"ఆ పిల్ల అడిగిందా?"

అతను జేబు మీంచి చెయ్యి తీసేశాడు.

"నిన్న పొద్దున అడిగిందా అంటున్నాను."

"అడిగింది," అన్నాడు నేల చూస్తూ. "కడుపులో నొప్పిగా ఉంది, ఒక్కసారి తీయండి అంది. పైకెళ్ళు, మావాళ్ళు కత్తెర్లతో తాళం వాయిస్తారు, డాన్సు చేసుకుంటూ వెళ్ళు అన్నాను. నవ్వుతూనే అన్నానమ్మా. అంత నొప్పని నాకేం తెలుసు? తెలిస్తే..."

"ఆయనకు తెలుసు అత్తయ్యా."

పొయ్యి దగ్గరున్న కోడలు వెనక్కి తిరగకుండానే అంది. ఆమె కూడా ఒకప్పుడు అదే హాల్లో జేబులు కుట్టేది. పెళ్ళి కుదరగానే మాన్పించాడు.

"నన్నెందుకు మాన్పించారో అమ్మకు చెప్పండి."

"నువ్వూరుకో."

"నా పెళ్ళాం ఆ మెట్లెక్కకూడదన్నారు. ఆ చప్పుళ్ళ మధ్య నడవకూడదన్నారు. నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను." ఆమె గిన్నె మీద మూత పెట్టింది. "మిగతావాళ్ళు ఎవరి పెళ్ళాలో నాకప్పుడు తోచలేదు. నాకూ సిగ్గుండాలి."

కొడుకు మంచం మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోయినప్పుడు సరిగ్గా అలాగే కూర్చునేవాడు. అప్పుడైతే వెళ్ళి తల నిమిరేది. ఇప్పుడు లేచిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

"అమ్మా, నన్ను చంపుకోవద్దు," అన్నాడు. "ఒక్క పేరే కదా."

*

తనిఖీ అధికారి వచ్చేసరికి హాలు కడిగిన ముత్యంలా ఉంది. మిషన్లు ఆపించారు. ఆడవాళ్ళు ఎవరి స్టూళ్ళ మీద వాళ్ళు. పై నుంచి మగవాళ్ళు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. పొట్టిపిల్ల మిషన్ ముందు స్టూలు ఖాళీ. గేటు దగ్గర ఇద్దరు పోలీసులు.

యజమాని ముందుగా అధికారిని కొత్త గదులకు తీసుకెళ్ళాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. కుళాయి తిప్పి చూపించాడు. సబ్బు చూపించాడు. మొక్క కూడా చూపించాడు.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటుందండీ. మా ఆడపిల్లల సుఖం కంటే నాకేది ఎక్కువ? వీళ్ళకే ఈ గుండీల పిచ్చి. ఎవరో ఒకామె మప్పింది."

అధికారి తలూపాడు. ఆడవాళ్ళ పాయిఖానాలో నిలబడటం ఆయనకు ఇబ్బందిగానే ఉంది. త్వరగా బయటికి వచ్చేశాడు. యజమాని వెంట వచ్చాడు. చివర సూపర్‌వైజర్ వచ్చాడు.

కాలరక్క మిషన్ ఆ తలుపుకు ఎదురుగానే ఉంటుంది. ఆమె కళ్ళు కొడుకు చేతి మీదే ఉన్నాయి. అతను తలుపు దగ్గరికి లాగాడు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది, బయటికి వచ్చింది, మెలి తిరిగింది, మళ్ళీ జేబులోకి వెళ్ళింది. అతను అటు చూడను కూడా చూడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెనక్కి తిరగ్గానే అతని చెయ్యి చేసే పని అదే. అలవాటు.

ఆమె తప్ప ఎవరూ గమనించలేదు.

అధికారి కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "మీలో పెద్దావిడ ఎవరు?"

సూపర్‌వైజర్ చూపు తల్లి మీద పడింది. ఆ చూపులో ఒక్క పేరు కోసం బతిమాలడం ఉంది.

"చెప్పమ్మా," అన్నాడు యజమాని తేనె పూసినట్టు. "నువ్వు మా ఇంటి మనిషిలాంటి దానివి. భయపడకు. ఆ పిల్లకు గుండీ ఎవరిచ్చారు?"

కాలరక్క లేచి నిలబడింది. మైకు వైపు చూసింది. మైకు ఒళ్ళో చేతులు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా కూర్చుంది. తనకేం జరగబోతోందో ఆమెకు తెలుసు. కాలరక్క కోడలి దగ్గర్నుంచి కబురు నిన్న రాత్రే అందింది. అయినా రాత్రికి రాత్రి పారిపోలేదు.

"చెప్తాను సారూ," అంది కాలరక్క. "కానీ ముందు నేను ఒకసారి వెళ్ళిరావాలి."

"ఎక్కడికి?"

చెవులు వేడెక్కాయి. మెట్ల నిండా మగవాళ్ళు. కుర్చీలో అధికారి. ఎదురుగా కన్నకొడుకు. నేల చీలితే బాగుండుననిపించింది. నేల చీలలేదు. నోటిలో నాలుక అట్టలా ఎండి ఉంది. ఆ రోజు దాని కింద గుండీ లేదు.

"ఉచ్చ వస్తోంది," అంది.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మెట్ల మీద ఎవరో కిసుక్కుమనబోయి ఆగిపోయారు. పొట్టిపిల్ల అన్న వెనక్కి తిరిగి చూసిన చూపుకి.

"దానికేం, వెళ్ళమ్మా వెళ్ళు," అన్నాడు యజమాని నవ్వుతూ. "ఎదురుగానే ఉంది కదా. తెరిచే ఉంది."

కాలరక్క నడిచింది. కొడుకు పక్క నుంచే నడిచింది. అతని మొహంలో నెత్తురు దిగిపోవడం చూసింది. అతనికి అప్పుడు గుర్తొచ్చింది. "అమ్మా, ఆగు," అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా. ఆమె ఆగలేదు. తలుపు మీద చెయ్యి వేసి తోసింది.

తలుపు కదల్లేదు.

మళ్ళీ తోసింది. అరచేత్తో కొట్టింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. తర్వాత వీపు తలుపుకు ఆనించి, అందరి వైపూ తిరిగి నిలబడింది.

"నేను ఇక్కడే ఉంటాను. తెరిచేదాకా."

మైకు లేచింది. "నాకూ వస్తోంది," అంటూ వచ్చి కాలరక్క పక్కన నిలబడింది.

"నాకూ," అంది గుండీలు కుట్టే ఆమె. "ఉచ్చే. నాకూ ఉచ్చే వస్తోంది." అని ముఖం రెండు చేతులతో కప్పుకుని, అలాగే నడిచి వచ్చి వరసలో నిలబడింది.

స్టూళ్ళు ఒక్కొక్కటీ జరిగాయి. జేబులు కుట్టేవాళ్ళు లేచారు, చొక్కా చేతులు కుట్టేవాళ్ళు లేచారు, ఇస్త్రీవాళ్ళు లేచారు. కొందరు గట్టిగా అన్నారు, కొందరు గొణిగారు, కొందరు కళ్ళనీళ్ళు కారుస్తూ అన్నారు. తలుపు దగ్గర మొదలైన వరస మిషన్ల మధ్య మెలికలు తిరిగి గేటు దగ్గర పోలీసుల దాకా వెళ్ళింది. ఇంట్లో భర్త ముందు కూడా ఎత్తని మాటను ఆ హాలు పొద్దున్నే నిలబడి అప్పజెబుతోంది.

"ఏమిటీ నాటకం? కూర్చోండి అందరూ!" యజమాని తేనె అయిపోయింది. "పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలవండి," అంది మైకు. "మగవాళ్ళు కదా, వాళ్ళు పైకి వెళ్ళొచ్చు."

పొట్టిపిల్ల అన్న మెట్లు దిగి వచ్చాడు. చేతిలో కత్తెర ఉంది. అతను వంగి ఆ కత్తెరను నేల మీద పెట్టాడు. మెల్లగా, చప్పుడు కాకుండా. ముసలి కటింగ్ మనిషి తనదీ పక్కనే పెట్టాడు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా కత్తెరలు ఒక్కొక్కటే నేలకు దిగాయి. ఒక్కటీ టక్కుమనలేదు.

అధికారి లేచి వచ్చి స్వయంగా తలుపు తోశాడు. పిడి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఇప్పుడే కదండీ తెరిచి చూపించారు?"

"అదే నాకూ అర్థం కావడం లేదు," అన్నాడు యజమాని. "నేను మీ పక్కనే ఉన్నాను కదా! ఎవడు వేశాడు తాళం? అసలు ఈ గదికి తాళమున్న సంగతే నాకు తెలియదు. ఎవర్రా వేసింది?"

అని సూపర్‌వైజర్ వంకే చూశాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ తెలిసింది ఆ చూపు దేనికో. సూపర్‌వైజర్‌కూ తెలిసింది. నమ్మి చేతిలో పెట్టిన తాళంచెవి ఎందుకు పెట్టారో ఇన్నాళ్ళకు తెలిసింది.

"ఎవరు వేశారమ్మా? మీరెవరైనా చూశారా?" అధికారి కాలరక్కను అడిగాడు.

"చూశాను."

"ఎవరు?"

కొడుకు ఆమెనే చూస్తున్నాడు. నిన్న మంచం మీద కూర్చున్నప్పటి మొహమే.

"ముందు మీరడిగింది చెప్తాను. గుండీ ఇచ్చింది నేను. పొట్టిపిల్లకే కాదు, ఈ వరసలో అందరికీ నేనే ఇచ్చాను. మేలు చేస్తున్నాననుకుని ఇచ్చాను. రాసుకోండి. ఇక తాళం. వేసింది నా కొడుకు. జేబులో చూడండి, తాళంచెవి ఉంటుంది. ఆ పిల్ల నొప్పితో వచ్చి అడిగితే తియ్యనన్నదీ వాడే. నవ్వాడు కూడా."

వరసలో ఎవరో వెక్కారు. సూపర్‌వైజర్ జేబులోంచి తాళంచెవి తీసి చాపిన అరచేతిలో పెట్టుకున్నాడు. ఎవరికివ్వాలో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు.

"విన్నారు కదండీ!" యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. "కన్నతల్లే చెప్పింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వీడిని ఇప్పుడే పోలీసులకు..."

"నా మాట అయిపోలేదు," అంది కాలరక్క.

ఆ హాల్లో ఆయన మాటకు అడ్డం వచ్చినవాళ్ళు లేరు. ఆయన ఆగిపోయాడు.

"వాడిని తీసుకెళ్ళండి. చేసిన దానికి పడతాడు. నేనూ పడతాను. మేమిద్దరం తల ఎత్తుకోలేం, ఎత్తుకోవడం లేదు." ఆమె అధికారి వైపు తిరిగింది. "కానీ ఆ గది కట్టించి మూయించింది వాడు కాదు. పాతవి పడగొట్టింది వాడు కాదు. 'ఒక్కసారి తీస్తే రోజూ అడుగుతారు' అన్న మాట వాడిది కాదు. అది ఎవరన్నారో నిన్న నా వంటింటి గుమ్మంలో నిలబడి వాడే చెప్పాడు. ఒరేయ్, చెప్పరా. ఇక్కడ చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ గేటు లోపల ఆమె కొడుకును ఒరేయ్ అనడం అదే మొదలు. అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. అధికారి పెన్ను కాగితం మీద ఆగి ఉంది. యజమాని కళ్ళు ఆమెను కాల్చేస్తున్నాయి.

కొడుకు నోరు ఎండిపోయిందని ఆమెకు తెలుసు. ఎండిన నోటితో మాట రావడం ఎంత కష్టమో ఆ హాల్లో ఆమె కంటే తెలిసినవాళ్ళు లేరు. ఇక వాడి కోసం ఆగలేదు.

చెయ్యెత్తి వేలు చూపించింది. సారూ అనలేదు, మీరు అనలేదు.

"ఇదిగో, ఇతను. ఈ ఫ్యాక్టరీ యజమాని. మా పొట్టిపిల్లను ఈ గతికి తెచ్చింది నువ్వే."